ఎదురు తిరిగే నీరు

1880లో బ్రిటిష్ సర్వే అధికారులు కింథప్ అనే సిక్కిం మనిషిని రహస్యంగా టిబెట్‌కు పంపారు. అతనికి చదువు రాదు. అప్పగించిన పని వింతైనది: గుర్తులు వేసిన ఐదు వందల దుంగలను సాంగ్‌పో నదిలో వదలాలి. అవి అస్సాంలో బ్రహ్మపుత్ర మీద తేలితే రెండూ ఒకే నది అని తేలిపోతుంది. కింథప్‌తో వెళ్లిన లామా మధ్యదారిలో అతన్ని బానిసగా అమ్మేశాడు. కింథప్ తప్పించుకుని ఒక బౌద్ధ మఠంలో తలదాచుకున్నాడు. తీర్థయాత్ర పేరుతో సెలవు అడిగి దుంగలు నరికి దాచాడు. వాటిని ఏ రోజుల్లో వదలబోతున్నాడో ఎవరిచేతో ఉత్తరం రాయించి పంపాడు. చెప్పిన మాట ప్రకారం రోజుకు యాభై చొప్పున పది రోజులు నదిలోకి తోశాడు. ఉత్తరం మాత్రం చేరవలసిన చేతికి చేరలేదు. దిగువన ఎవరూ కాపలా లేరు. దుంగలు ఎవరి కంటా పడకుండానే సముద్రం దారి పట్టాయి.

ఆ దుంగలు ఎలాంటి చోటు గుండా వెళ్లాయో తెలిస్తే ఈ కథ మరింత ఆశ్చర్యంగా ఉంటుంది. 7,782 మీటర్ల నామ్‌చా బర్వా, 7,294 మీటర్ల గ్యాలా పెరి. ఈ రెండు శిఖరాల మధ్య నుంచి నది దూరి, కొండను చుట్టి దక్షిణానికి తిరిగి, అరుణాచల్‌లో సియాంగ్‌గా బయటపడుతుంది. ఈ మలుపులో రెండు వేల మీటర్లకు పైగా దిగుతుంది. టిబెట్ పీఠభూమి మీద నిదానంగా పారిన అదే నీరు ఇక్కడ గుండెలదిరేలా అరుస్తుంది. నురగలు కక్కే తెల్లనీటిలో కయాక్ అనే చిన్న తెడ్డుపడవ నడిపేవాళ్లకు ప్రపంచంలో ఇంతకన్నా పెద్ద పరీక్ష లేదు. 1998 అక్టోబరులో ఒక అమెరికన్ బృందం ఈ లోయలోకి దిగింది. నది వాళ్లు ఊహించినదానికన్నా ఎంతో ఎత్తున పారుతోంది. బృందంలోని డగ్ గోర్డన్ రసాయన శాస్త్రవేత్త, పోటీల్లో ఆరితేరిన కయాకర్. ఒడ్డు వారన నీరు కిందికి దూకే చోటును, అంటే ఒక దూకుడును, దాటబోయి బోల్తాపడి, నడిమి ప్రవాహంలోకి కొట్టుకుపోయాడు. మళ్లీ కనిపించలేదు. 2002లో స్కాట్ లిండ్‌గ్రెన్ నాయకత్వంలో ఏడుగురు కయాకర్లు మళ్లీ వచ్చారు. ఈసారి నడి చలికాలంలో, మంచు కరగని రోజుల్లో, నీరు బాగా తగ్గాక. పైలోయను దాటగలిగారు. అయినా ఎన్నోచోట్ల పడవలు మోసుకుని ఒడ్డెక్కి నడిచారు. జలపాతాలున్న దిగువ భాగాన్ని పూర్తిగా వదిలి, పడవలు వీపున కట్టుకుని మంచు కనుమ ఎక్కి బయటపడ్డారు.

నైపుణ్యంలో గోర్డన్ ఎవరికీ తీసిపోడు. రెండు యాత్రల మధ్య మారినదాంట్లో అన్నిటికన్నా పెద్దది నీటి పరిమాణం. నీరు పెరిగితే నది వేగం పెరుగుతుందని అందరికీ తెలుసు. నీటి ఆకారమే మారిపోతుందన్నది అంత తేలిగ్గా తట్టదు. ఈ అధ్యాయం ఆ ఆకారం గురించే, ముఖ్యంగా అందులో ఒక విచిత్రం గురించి. పల్లానికి పారడమే నీటి స్వభావం అంటాం. కానీ వడిగా పారే ప్రతి నదిలోనూ కొంత నీరు ఎప్పుడూ వెనక్కి, ఎగువకు పారుతూ ఉంటుంది. కయాకర్‌ను బతికించేది ఆ నీరే, చంపేదీ ఆ నీరే.

ముందు శక్తి లెక్క చూద్దాం. సెకనుకు ఒక ఘనపు మీటరు నీరు ఒక్క మీటరు దిగితే 9.8 కిలోవాట్ల శక్తి విడుదలవుతుంది. మధ్యరకం కొండనది ఒకటి సెకనుకు వంద ఘనపు మీటర్లు పారుతూ, రాళ్ల మధ్య ఐదు మీటర్లు దిగిందనుకోండి. అక్కడ 4,900 కిలోవాట్లు రాత్రీపగలూ ఖర్చవుతూ ఉంటాయి. ఎక్కడికి పోతాయి? వేగంగా మారి ఉంటే, మెట్లు దిగుతూ వచ్చే నది సముద్రం చేరేసరికి తూటాలా దూసుకుపోవాలి. అలా జరగదు. పెద్ద సుడులు చిన్న సుడులుగా, అవి ఇంకా చిన్నవాటిగా చీలిపోతూ, చివరికి నీటి అణువుల రాపిడిలో ఆ శక్తి అంతా వేడిగా మారిపోతుంది. ఆ వేడి మన చేతికి తెలియదు. నీరు ఒక డిగ్రీ వేడెక్కాలంటే దాదాపు 427 మీటర్లు దిగాలి. మనకు కనిపించే తెల్లటి నురగ, వినిపించే హోరు ఆ ఖర్చు జరుగుతున్న చోటికి గుర్తులు. ఈ శక్తి మీద ఆశతోనే 2025 జులైలో చైనా సాంగ్‌పో దిగువన ఇప్పటివరకు ప్రపంచంలో ఎక్కడా లేనంత పెద్ద జలవిద్యుత్ పథకం మొదలుపెట్టింది. ఆ లోయ మళ్లీ ఎప్పటికీ పాత లోయ కాబోదన్న దిగులు నాకుంది.

కొంత శక్తి నిదానంగా ఖర్చవుతుంది, కొంత ఒక్క చోటే హఠాత్తుగా. హఠాత్తుగా జరిగేది అర్థం కావాలంటే వంటింట్లో ఒక పళ్లెం బోర్లించి, పంపు నీరు దాని మీద సన్నగా పడనివ్వండి. ధార పడినచోటు చుట్టూ నీరు పలచగా, నున్నగా, వేగంగా పరుచుకుంటుంది. కొంత దూరం పోయాక గుండ్రటి గట్టులా ఒక్కసారిగా లేస్తుంది. గట్టుకు లోపల పలచని వేగం, బయట మందమైన నిదానం. నదిలో దీన్ని జల ఉత్ప్లవనం అంటారు. లియొనార్డో డావిన్చీ దీన్ని గమనించి రాసుకున్నాడు. 1820 ప్రాంతంలో ట్యూరిన్‌లో బిడోన్ కొలిచాడు. ఫ్రాన్స్‌లో బెలాంజే దానికి లెక్క కట్టాడు.

ఈ లెక్కకు కీలకమైన సంఖ్యకు విలియం ఫ్రౌడ్ పేరు పెట్టారు. ఆయన నిజానికి ఓడల ఇంజనీరు. 1870ల్లో ఇంగ్లండ్‌లోని టార్కీ దగ్గర పొడవాటి నీటితొట్టి కట్టి, అందులో ఓడల నమూనాలు లాగి, అవి పుట్టించే అలలను పరిశీలించాడు. లోతు తక్కువున్న నీటిలో అల ఎంత వేగంగా పోతుందన్నది లోతును బట్టి ఉంటుంది. మీటరు లోతులో సెకనుకు 3.1 మీటర్లు, పావు మీటరు లోతులో 1.6 మీటర్లు. నీరు ఇంతకన్నా నిదానంగా పారుతుంటే అల ఎదురెక్కగలదు. అంటే దిగువన రాయి అడ్డం ఉందన్న సంగతి పైకి చేరుతుంది, నీరు ముందే సర్దుకుంటుంది. నీటి వేగం అల వేగాన్ని మించిపోయిందంటే ఆ కబురు పైకి చేరదు. కిందున్నదేమిటో నీటికి తెలియదు, నేరుగా వచ్చి దాన్ని గుద్దుకుంటుంది. అక్కడే ఉత్ప్లవనం పుడుతుంది. నీటి వేగం అల వేగానికి మూడు రెట్లుంటే, అంటే ఫ్రౌడ్ సంఖ్య మూడయితే, ఉత్ప్లవనం దాటగానే లోతు 3.8 రెట్లకు పెరుగుతుంది. ఆ కాస్త దూరంలోనే నాలుగో వంతు శక్తి నురగలో కరిగిపోతుంది.

రాయి మీదుగా దూకిన నీరు అడుగుకు దిగుతుంది, అక్కడే ముందుకు పోతుంది. పైభాగంలో ఏర్పడిన గుంటను పూడ్చడానికి దిగువ నీరు వెనక్కి దొర్లుకుంటూ వస్తుంది. కయాకర్లు దీన్ని హోల్ అంటారు. అందులో నీరు అడ్డంగా ఉన్న ఇరుసు చుట్టూ తిరుగుతుంది. అడుగున దిగువకు, పైన ఎగువకు. తేలే వస్తువు ఏదైనా పైనే ఉంటుంది కాబట్టి, పై నీరు దాన్ని మళ్లీ దూకుడు కిందికే లాగుతుంది. కొట్టుకొచ్చిన దుంగ ఒకటి అక్కడ గంటల తరబడి లేస్తూ మునుగుతూ ఉండడం చూసినవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. తెలియని చోటు వస్తే కయాకర్లు ఒడ్డెక్కి, ఒక కట్టె విసిరి అది ఏ దారిన పోతుందో, ఎక్కడ ఆగుతుందో చూస్తారు.

అక్కడ ఈత ఎందుకు పనికిరాదో ఒక చిన్న లెక్క చెబుతుంది. డెబ్బై కిలోల మనిషి సుమారు డెబ్బై లీటర్ల చోటు ఆక్రమిస్తాడు. మామూలు నీటిలో బరువూ తేలుడూ దాదాపు సరిసమానం. నురగలో నూటికి ముప్పై వంతులు గాలే అనుకోండి. డెబ్బై లీటర్ల నురగ నలభై తొమ్మిది కిలోలే తూగుతుంది. ఇరవై ఒక్క కిలోలు లోటు. సాధారణ లైఫ్ జాకెట్ ఏడెనిమిది కిలోల మేరకే అదనంగా తేలుస్తుంది. కాబట్టి జాకెట్ వేసుకున్న మనిషి కూడా నురగలో మునగొచ్చు. తెడ్డుకు పట్టు చిక్కదు, ఎందుకంటే నెట్టడానికి అక్కడ నీరు చాలదు. కళ్లకు అది మెత్తగా కనిపిస్తుంది. గాలి బుడగలు వెలుతురును అన్ని దిక్కులకూ చెదరగొట్టడం వల్ల వచ్చిన తెలుపది.

ఇక ఎదురు నీటిలో రెండో రకం. నీటికి పైకి పొడుచుకొచ్చిన పెద్ద బండ ఉందనుకోండి. ప్రవాహం దాని రెండు పక్కల నుంచీ దూసుకుపోతుంది. బండ వెనక నీటిమట్టం చుట్టుపక్కల కన్నా కాస్త తగ్గుతుంది. ఆ లోటు పూడ్చడానికి దిగువ నీరు మెల్లగా వెనక్కి వచ్చి బండను తాకుతుంది. ఇక్కడ తిరుగుడు నిలువు ఇరుసు చుట్టూ. కయాకర్లు ఎడ్డీ అంటారు. అందులోకి ఒకసారి దూరితే పడవ ఆగిపోతుంది. చుట్టూ నది ఉరుముతుంటే అక్కడ తెడ్డు ఒళ్లో పెట్టుకుని, ఊపిరి పీల్చుకుని, కింద ఏముందో చూసుకోవచ్చు. తెల్లనీటిలో దిగడమంటే పై నుంచి కిందికి ఒక్క ఊపున జారిపోవడం అని చాలామంది అనుకుంటారు. నిజానికి అది ఒక ఎడ్డీ నుంచి ఇంకో ఎడ్డీకి దాటుకుంటూ పోవడం.

ఎడ్డీకీ ప్రవాహానికీ మధ్య హద్దు కొన్నిచోట్ల గీత గీసినట్టు కనిపిస్తుంది. దాన్ని దాటే క్షణంలో పడవ ముక్కు ఒక దిశలో పోయే నీటిలో, తోక ఎదురు నీటిలో ఉంటాయి. రెండూ కలిసి పడవను గిరుక్కున తిప్పేస్తాయి. అప్పుడు మలుపు లోపలివైపుకు ఒరగాలి. ఎడ్డీ నుంచి బయటికి పోతున్నప్పుడైతే అది దిగువవైపు. భయంతో ఎగువకు ఒరిగినవాడి పడవ అంచును ప్రవాహం పట్టుకుంటుంది, రెప్పపాటులో తలకిందులు చేస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లంతా ఇక్కడే నీళ్లు తాగుతారు. శరీరం సహజంగా కోరేదానికి విరుద్ధంగా ఒరగడం నేర్పడమే సగం శిక్షణ.

తలకిందులైనా పడవలోంచి బయటికి రాకుండా, తెడ్డు ఆసరాతో నడుం విదిల్చి మళ్లీ లేవడాన్ని రోల్ అంటారు. అది గ్రీన్‌లాండ్ ఇన్యూట్ వేటగాళ్ల విద్య. సీలు తోలు పడవలో వేటకు పోయేవాడు గడ్డకట్టించే నీటిలో పడవ వదిలేస్తే బతకడు. 1927లో పావ్లాటా అనే ఆస్ట్రియన్, పుస్తకాల్లోని వర్ణనలు చదివి తనంతట తానే సాధన చేసి నేర్చుకున్నాడు. అప్పటినుంచి అది యూరప్ నదుల్లోకి వచ్చింది. 1970ల్లో ప్లాస్టిక్ పడవలు వచ్చాక ఆట మారిపోయింది. అంతకుముందటి ఫైబర్‌గ్లాస్ పడవ రాయి తగిలితే పగిలేది. ప్లాస్టిక్ సొట్టపడి మళ్లీ సర్దుకుంటుంది. దాంతో బండల నుంచి తప్పించుకోవడమే కాదు, వాటిని వాడుకోవడం కూడా మొదలైంది. దూకుడు అంచున ఒక్క బలమైన తెడ్డుపోటు వేసి, పడవ ముక్కును పైకెత్తి, కిందున్న హోల్‌ను దాటి చదునుగా వాలడం అలాంటి విద్యే. దానికి బూఫ్ అని పేరు. దూకిన నీటితో పాటు అడుగుకు దిగకుండా, ఎదురు నీటికి అవతల పడాలన్నదే అందులో కిటుకు.

విద్య ఎంత ఉన్నా ఒక ఆటంకానికి విరుగుడు లేదు. ప్రవాహానికి అడ్డంగా పడిన చెట్టు. కొమ్మల సందుల్లోంచి నీరు పోతుంది, మనిషి పోలేడు. రాయిని కొట్టిన నీరు పక్కకు మళ్లుతూ పడవను కూడా కొంత పక్కకు నెడుతుంది. చెట్టు అలాంటి సాయమేదీ చేయదు. పైగా ఒత్తిడి వేగానికి వర్గంలో పెరుగుతుంది. సెకనుకు ఒక మీటరు వేగం మూడు మీటర్లయితే తోపు తొమ్మిది రెట్లు. అర చదరపు మీటరు ఒంటి మీద అది రెండు వందల కిలోల పైమాట. ఇడాహో రాష్ట్రంలో వాల్టర్ బ్లాకడార్ అనే వైద్యుడు ఉండేవాడు. 1971లో, యాభైకి చేరువైన వయసులో, ఆల్సెక్ నదిలోని టర్న్‌బ్యాక్ లోయను ఒంటరిగా దాటాడు. హిమానీనదాల మంచుగడ్డలు తేలే నీటిలో ఆయన చేసిన ఆ ప్రయాణం ఈ క్రీడ చరిత్రలో ఒక మైలురాయి. 1978లో తన సొంత రాష్ట్రంలోనే, పేయెట్ నదిలో, నీటిలో పడి ఉన్న ఒక దుంగ ఆయన ప్రాణం తీసింది.

మారుమూల నది, ఇంటిదగ్గర నది అన్న తేడా నీటికి లేదని ఆ మరణం చెబుతోంది. మన దేశంలో ఈ ఆట గంగ, బియాస్, తీస్తా లాంటి హిమాలయ నదులకే పరిమితం కాలేదు. కేరళలోని కోళిక్కోడ్ జిల్లాలో చాలిప్పుళ, ఇరువంజిప్పుళ అనే రెండు చిన్న నదులున్నాయి. వేసవిలో వాటి పరుపు బండలు ఎక్కడికక్కడ బయటపడి ఉంటాయి. నైరుతి వానలు పడగానే పశ్చిమ కనుమల ఏటవాలు మీంచి నీరు ఉరుకుతుంది. 2013 నుంచి అక్కడ నదీ ఉత్సవం జరుపుతున్నారు, దేశవిదేశాల కయాకర్లు వస్తున్నారు. పరీవాహక ప్రాంతం చిన్నది కాబట్టి పైన ఒక జోరువాన పడితే కొద్ది గంటల్లో నది మారిపోతుంది. పొద్దున ఆడుకున్న అల సాయంత్రానికి హోల్ కావచ్చు, ఎడ్డీ ఇచ్చిన బండ మునిగిపోయి దూకుడు కావచ్చు. అందుకే వీటి మీద అనుభవమున్నవాళ్లు నదికి ఒకే కష్టస్థాయి చెప్పరు. ఈ మట్టంలో ఇది అంటారు. అంతర్జాతీయంగా ఒకటి నుంచి ఆరు వరకు తరగతులున్నా, మట్టం చెప్పకుండా తరగతి చెబితే అది సగం మాటే.

మన గోదావరిలో రాళ్ల మీది తెల్లనీరు కాదు, ఇంకో రకం వడి ఉంటుంది. మైదానంలో కిలోమీటరుకు మించిన వెడల్పున పారే నది పాపికొండల మధ్య కొన్నిచోట్ల రెండు మూడు వందల మీటర్లకు కుదించుకుపోతుంది. వచ్చిన నీరంతా అందులోంచే పోవాలి కాబట్టి లోతూ వేగమూ పెరుగుతాయి. కొండ మలుపు తిరిగినచోట ప్రధాన ప్రవాహం గట్టును వదిలి నేరుగా పోతుంది. గట్టు పక్కన ఎదురు నీరు తిరుగుతుంది. రెండింటి హద్దు మీద సుడిగుండాలు పుట్టి, దిగువకు కదిలిపోతూ, చెదిరి, మళ్లీ పుడతాయి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల లాంచీ మునిగి యాభై మంది దాకా చనిపోయిన రోజు గోదావరి 5 లక్షల క్యూసెక్కుల వరదలో ఉంది. లాంచీని బయటికి తీయడానికి అక్టోబరు 22 దాకా పట్టింది. సుడి పడవను నోట్లో వేసుకుని మింగేస్తుందని కథలు చెబుతారు. పెద్ద పడవలకు అసలు గండం వేరు. ఎదురెదురు ప్రవాహాల హద్దులో పడవ అడ్డం తిరుగుతుంది, ఒక పక్కకు ఒరుగుతుంది, పై అంతస్తులో ఉన్న జనం భయంతో ఒకేవైపు జరిగితే ఆ ఒరుగుడు మరి లేవదు. చిన్న కయాక్‌కు ఎడ్డీ గీత దగ్గర జరిగేదే ఇక్కడ వంద రెట్లు పెద్దగా జరుగుతుంది. అయితే కయాకర్‌కు రోల్ ఉంది, లాంచీకి లేదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది వరద గోదావరి కాదు. దాన్ని చూస్తేనే భయం వేస్తుంది కాబట్టి జనం దూరంగా ఉంటారు. వాగుల మీద కట్టిన చెక్‌డ్యాములే నా భయం. తెలుగు రాష్ట్రాల్లో వానాకాలం వస్తే ఈతకు దిగిన కుర్రాళ్లు చెక్‌డ్యాముల దగ్గర మునిగిపోయారన్న వార్తలు మొదలవుతాయి. గట్టు మనిషెత్తు కూడా ఉండదు. దాని మీంచి నీరు అద్దంలా, చివరి నుంచి చివరికి ఒకే మందాన జారుతుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. ప్రమాదం ఆ నున్నదనంలోనే ఉంది.

సహజమైన హోల్‌లో ఎక్కడో ఒకచోట సందు ఉంటుంది. రాళ్లు ఎగుడుదిగుడుగా ఉంటాయి కాబట్టి ఒకచోట నీరు వెనక్కి వస్తే ఇంకోచోట ముందుకు తోస్తుంది. దాని రెండు చివరలు దిగువకు వంగి ఉంటే చిక్కుకున్నవాణ్ని పక్కకు నెట్టి వదిలేస్తుంది. ఎగువకు వంగి ఉంటే మధ్యకే తోస్తుంది. అనుభవమున్న కయాకర్ దూరం నుంచే ఈ వంపు చూస్తాడు. చెక్‌డ్యాముకు అలాంటి వంపు లేదు, సందు లేదు. ఒడ్డు నుంచి ఒడ్డు దాకా ఒకే హోల్. రెండు చివరలా కాంక్రీటు గోడ. అమెరికాలో రక్షణ దళాలు ఇలాంటి కట్టడాలను మనిషిని ముంచే యంత్రాలని పిలుస్తాయి. రక్షించడానికి దూకినవాళ్లు కూడా అందులోనే పోయిన సందర్భాలున్నాయి.

ఇందులో దిగువ నీటి మట్టానిది పెద్ద పాత్ర. దిగువన నీరు తక్కువుంటే ఉత్ప్లవనం గట్టుకు దూరంగా జరిగిపోతుంది. వరద మరీ ఎక్కువైతే గట్టే మునిగి అలలు మాత్రం మిగులుతాయి. మధ్యస్థంగా నీరు పెరిగినప్పుడు ఉత్ప్లవనం గట్టు పాదం దగ్గరికి వచ్చి అక్కడే మునిగిపోతుంది. పైనంతా ఎదురు నీరే. నిన్న క్షేమంగా ఈదిన చోటు ఇవాళ ఊబిలా పట్టేయడానికి కారణం ఇదే. ఇలాంటి చోట చిక్కితే పైన వెనక్కి పారే నీటికి ఎదురీదడం వృథా. అడుగున నీరు దిగువకే పోతోంది. ఒళ్లు ముడుచుకుని ఆ అడుగు నీటికి చిక్కితే అది దూరంగా విసిరేసే అవకాశం ఉంది. కానీ గాలి అందక గాబరాపడే మనిషికి లోతుకు పొమ్మని చెప్పడం చెప్పినంత తేలిక కాదు. ఒడ్డున ఉన్నవాళ్లు దూకకూడదు. తాడు, పొడవాటి గెడ, గాలి నింపిన ట్యూబు, ఏది దొరికితే అది అందించాలి.

కట్టేవాళ్ల చేతుల్లో ఉన్నది ఇంతకన్నా ఎక్కువ. గట్టు దిగువ ముఖం నిట్టనిలువుగా కాకుండా మెట్లుగానో, పెద్ద బండలు పేర్చిన ఏటవాలుగానో ఉంటే శక్తి ఒక్కచోట కాక మెట్టుమెట్టుకూ ఖర్చవుతుంది. ఎదురు నీరు గట్టు పొడవునా ఒకే చుట్టగా ఏర్పడదు. అలాంటి వాలు మీద చేపలు కూడా పైకెక్కగలవు. అమెరికాలోని కొలంబస్ నగరంలో చాటహూచీ నది మీద పాత మిల్లుల ఆనకట్టలు రెండుండేవి. 2012, 2013ల్లో వాటికి గండికొట్టి, అడుగు బండలను సవరించి వదిలేశారు. ఇప్పుడు ఊరి నడిబొడ్డునే తెల్లనీరు పారుతోంది, కయాకర్లు ఆ అలల మీద ఆడుతున్నారు. మన వాగుల మీద గట్లకు గండికొట్టనక్కర్లేదు, నీరు నిలవడం మనకు అవసరమే. కొత్తగా కట్టేవాటికి దిగువన వాలు పెట్టడం, పాతవాటి పాదం దగ్గర పెద్ద రాళ్లు పోయడం, ఎదురు నీరు ఎక్కడిదాకా వస్తుందో అక్కడిదాకా ఒడ్డున ఎర్రరంగు గుర్తు వేయడం, గట్టు చివర ఒక తాడు కట్టి ఉంచడం పంచాయతీ స్థాయిలో జరిగే పనులే. ఎదురు నీటి హద్దు కనుక్కోవడానికి పరికరాలు కూడా అక్కర్లేదు. నీరు పొర్లుతున్న రోజు ఒడ్డు మీద నిలబడి నాలుగు కొబ్బరి మట్టలు గట్టుకు వేర్వేరు దూరాల్లో విసిరితే చాలు. వెనక్కి వచ్చినవాటిలో అన్నిటికన్నా దూరాన పడింది ఎక్కడో చూసి, అక్కడికి ఇంకొన్ని మీటర్లు కలిపి గుర్తు వేయవచ్చు.